ఊరంతా ఒకే ఏడు కొట్టిన తోట

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, కనుమ నాడు మధ్యాహ్నం ఒకాయన బుల్లెట్ బండి మీద మా వీధిలోకి వచ్చాడు. కర్ర కొనే మనిషి. రామాలయం అరుగు మీద కూర్చుని, వచ్చే ఏడాది వేసవికి మా సరుగుడు తోటలన్నీ గుత్తగా తీసుకుంటాననీ, కావాలంటే ఇప్పుడే అడ్వాన్సు ఇస్తాననీ చెప్పాడు. షరతు ఒక్కటే. అందరూ ఒకేసారి ఇవ్వాలి, ఒకరిద్దరివైతే తనకు గిట్టదు. చీకటి పడేలోగా తోటలున్న ఎనిమిది ఇళ్ళలో ఐదు ఇళ్ళవాళ్ళు తలూపేశారు. అందులో మా నాన్న ఒకరు.

నేను వద్దన్నాను. పండగ పూట ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయినవి, తర్వాత విజయనగరం తిరిగొచ్చాక తట్టినవి, నాన్న అడిగితే నేను నోరు మూసుకోవాల్సి వచ్చినవి అన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందే ఒక మాట. చెట్లు కొట్టొద్దన్నది నా వాదన కాదు. పోయినేడు వనమహోత్సవానికి మా ఆఫీసులో షామియానా వేసి ఒక వక్తను పిలిచారు. ఆయన గొంతెత్తి, "ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పడనివ్వకూడదు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన వెనకాల షామియానాని మోస్తున్నవి పది పన్నెండు సరుగుడు బాదులు. మా ఊళ్ళాంటి ఏదో ఊరి ఇసకలోంచి వచ్చినవే అయ్యుంటాయి. సరుగుడు కొట్టడానికే వేస్తాం. వరి కోయొద్దని ఎవరంటారు? నా గొడవంతా ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి, ఏ వైపు నుంచి కొట్టాలి, కొట్టిన మర్నాడు ఏం చేయాలి అన్నదాని మీదే.

అన్నంలో ఇసక

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. సముద్రం ఇంటి నుంచి కనబడదు గానీ రాత్రిపూట వినబడుతుంది. తిత్లీ తుపాను గురించి మా వైపు వాళ్ళకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి మా తాత వేసిన కొబ్బరి, నాన్న వేసిన జీడి రెండూ నేల మీద ఉన్నాయి. కొబ్బరి మళ్ళీ వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. సరుగుడైతే నాలుగేళ్ళకు డబ్బు చేతికొస్తుంది. అందుకే 2019 వానలకు ఎనిమిది కుటుంబాలవాళ్ళమూ ఒకళ్ళను చూసి ఒకళ్ళం సరుగుడే నాటాం. అన్నీ కలిపి 20 ఎకరాల దాకా ఉంటుంది. మాది రెండెకరాల డెబ్బై సెంట్లు. మీటరుకొక మొక్క చొప్పున ఎకరానికి 4 వేలు.

2023 వేసవిలో ఊరంతా కొట్టేశాం. మా ఇంట్లో చెల్లి పెళ్ళి. పక్కింట్లో కొడుకు కాలేజీ ఫీజు. ఇంకో ఇంట్లో ఏ అవసరమూ లేదు, కానీ అందరూ కొట్టేస్తుంటే తన తోట ఒక్కటే నిలబడితే గాలి మొత్తం దాని మీదే పడుతుందని భయం. ఆ భయం తప్పు కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. కోతకు వచ్చిన ముఠా ఒక్కటే కాబట్టి వంతులు వేసుకున్నారు. మొదటి వారం కొట్టిన వాళ్ళకు పలికిన రేటు మూడో వారం కొట్టిన వాళ్ళకు పలకలేదు. కర్ర గట్టున పడి ఎండుతూ బరువు తగ్గిపోతుంటే రైతు బేరం ఏమాడతాడు? కాటా దగ్గర ఎంతంటే అంతకు ఇచ్చేశాం. మేం మూడో వారం వాళ్ళం.

పెళ్ళి బాగానే జరిగింది. నెల తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. రేటు గురించి కాదు, అప్పుల గురించీ కాదు. "అన్నంలో ఇసక తగులుతోందిరా" అంది. తలుపులు వేసుకున్నా వస్తోందట. మంచం మీద దుప్పటి దులిపితే ఇసక. బియ్యం డబ్బా మూత తీస్తే అందులోనూ ఇసక. మా ఇళ్ళకూ సముద్రానికీ మధ్య 20 ఎకరాల చెట్లు మూడు వారాల్లో లేకుండా పోయాయని అప్పుడు నాకు తెలిసొచ్చింది. అంతవరకూ మా తోట మాకు డబ్బు లెక్కే. అది పక్కింటికి గాలి అడ్డమనీ, పక్కింటి తోట మాకు అడ్డమనీ ఎవరమూ అనుకోలేదు.

దానికన్నా పెద్ద దెబ్బ జులైలో తగిలింది. 20 ఎకరాలకు ఎకరానికి 4 వేల చొప్పున 80 వేల మొక్కలు ఒకే నెలలో కావాలి. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అదే తీరు. నర్సరీల్లో మంచి మొక్కలు మొదటి వారంలోనే అయిపోయాయి. మిగిలినవి ముందేడాది అమ్ముడుపోక సంచుల్లోనే ఉండిపోయినవి, ఆకు పచ్చగా, కాండం ఏపుగా. నాన్న ఒక సంచి చింపి చూశాడు. వేళ్ళు లోపల చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అలాంటి మొక్క మొదట్లో బాగానే పెరుగుతుంది. చుట్టుకున్న వేరు మాత్రం విప్పుకుని నేలలోకి దిగదు. పెద్ద గాలి వచ్చిన రోజు మొదలంటా ఒరిగిపోతుంది. నాన్నకు ఇదంతా తెలుసు. తెలిసే కొన్నాడు. అదును దాటిపోతే ఏడాది పోతుంది మరి. ఇప్పుడు మా పొలంలో ఉన్న తోట ఆ మొక్కలదే. తుపానుకు చెట్టు పడిపోతే తుపానునే తిడతాం. మూడేళ్ళ కిందట ఊరంతా ఒకే నెలలో మొక్కల కోసం పరిగెత్తిన సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు బుల్లెట్ బండి ఆయన అడుగుతున్నది ఇదంతా ఇంకోసారి చేయమని.

కూపు లెక్క

మా చినమావయ్య అటవీ శాఖలో గార్డుగా చేరి బీట్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఉండేది గజపతినగరం దగ్గర. పండగ గొడవ తర్వాత ఆదివారం ఆయన దగ్గరకి వెళ్ళాను. అంతా విని, "ఒరే అల్లుడూ, మీ ఊరివాళ్ళకు లేనిది తెలివి కాదురా, కూపు" అన్నాడు.

కూపు అన్న మాట అడవి పనిచేసిన కుటుంబాల్లో అందరికీ తెలుసు. కూపు కాంట్రాక్టరు, కూపు రోడ్డు అంటుంటారు. ఫ్రెంచిలో కోత అన్న మాట నుంచి వచ్చింది. మావయ్య చెప్పిన లెక్క చిన్నది. చెట్టు చేతికి రావడానికి నాలుగేళ్ళు పడితే అడవిని నాలుగు ముక్కలు చెయ్యి. ఏడాదికొక ముక్క కొట్టు. కొట్టిన ముక్కలో ఆ వానకే మళ్ళీ నాటు. నాలుగో ముక్క కొట్టిన మరుసటి ఏడాదికి మొదటిది మళ్ళీ సిద్ధం. ఎప్పుడు చూసినా ఒక ముక్క మోకాలెత్తు, ఒకటి మనిషెత్తు, ఒకటి ఇంటెత్తు, ఒకటి కోతకు సిద్ధంగా ఉండాలి. ఏటా డబ్బు, ఏటా చెట్టు.

ఇందులో కొత్త ఏమీ లేదు. 1856లో బర్మాలో పెగూ టేకు అడవుల బాధ్యత తీసుకున్న బ్రాండిస్ అనే జర్మన్ ఇలాంటి లెక్కతోనే మొదలుపెట్టాడు. చెట్లను చుట్టుకొలతల్ని బట్టి తరగతులుగా విడదీసి, చిన్న తరగతిలోంచి ఏటా ఎన్ని పెద్ద తరగతిలోకి ఎదుగుతాయో చూసి, అంతకు మించి కొట్టకూడదన్నాడు. 1864లో అటవీ శాఖ పెట్టినప్పుడు ఆయనే దానికి తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్. ఆ శాఖ మన కొండల్లోని జనానికి చేసిన అన్యాయాలు వేరే కథ, దాన్ని నేనేమీ వెనకేసుకురావడం లేదు. లెక్క మాత్రం లెక్కే. మన సరుగుడు కూడా ఆ కాలపు సరుకే. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్లకు కట్టెలు కావాల్సి వచ్చి తీరం వెంట తోటలుగా నాటించారు. ఆ కట్టెల ఇంజన్లు పోయాయి. చెట్టు మాత్రం మా ఇసకకు అలవాటు పడి ఉండిపోయింది.

మావయ్య ఒక మెలిక కూడా చెప్పాడు. ముక్కలన్నీ ఒకే విస్తీర్ణంలో ఉండాల్సిన పని లేదు. నీళ్ళు ఊరే పల్లంలో చెట్టు లావెక్కుతుంది, ఇసక దిబ్బ మీద సన్నగా ఉండిపోతుంది. విస్తీర్ణం సమానంగా కోస్తే పల్లం వంతు వచ్చిన ఏడు పండగ, దిబ్బ వంతు వచ్చిన ఏడు పస్తు. అందుకని బలహీనమైన నేలలో ముక్క పెద్దదిగా గీస్తారు. ఏటా చేతికొచ్చే కర్ర దాదాపు సమానంగా ఉండాలి. ఇది వినగానే మా పొలం కళ్ళ ముందు కనబడింది. తూర్పున దిబ్బ, పడమర పల్లం.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మా ఇసకలో ఎకరానికి 30 టన్నులు చేతికొస్తే మంచి తోట అనుకుంటాం. ఊరి 20 ఎకరాలను నాలుగు చేస్తే ఏటా 5 ఎకరాలు, 150 టన్నులు. లారీకి 16 టన్నులు పడుతుందనుకుంటే తొమ్మిది పది లారీలు. కర్ర కొనే మనిషికి ఇది గిట్టని సరుకా? నాలుగేళ్ళకోసారి వచ్చి నలభై లారీలు ఎత్తుకెళ్ళే బదులు ఏటా పది లారీలు ఖాయంగా దొరికితే ఆయనకే మంచిది కాదా? కాకపోతే ఏటా వచ్చేవాడు ఏటా రేటు చెప్పాలి. ఇవాళ మూడో వారంలో దక్కుతున్న రేటు అప్పుడు దక్కదు. ముక్కలుగా గిట్టదు అన్న మాట వెనకాల ఉన్నది ఇదేనని నా అనుమానం. అనుమానం మాత్రమే, ఆయన లారీ ఖర్చులు నేను చూడలేదు.

అసలు చిక్కు ఇక్కడే

లెక్క బాగానే ఉంది. ఇవాళ మా తోటలన్నిటికీ ఒకే వయసు, అదీ చిక్కు. 2023 వానలకు నాటినవి. ఒకే వయసు తోట నుంచి నాలుగు వయసుల తోటకు వెళ్ళాలంటే దారి ఒక్కటే. ఈ 2026 వేసవికి, అంటే మూడేళ్ళు కూడా నిండకుండా, ఐదెకరాలు కొట్టాలి. 2027లో సరైన వయసులో ఐదు. 2028లో ఐదేళ్ళవి ఐదు. 2029లో ఆరేళ్ళవి ఐదు. అప్పుడు 2030కి మొదటి ముక్క మళ్ళీ నాలుగేళ్ళది అయ్యుంటుంది, చక్రం కుదురుకుంటుంది.

మొదట కొట్టేవాడికి దుంగ రాదు. బాదులు, పుల్లలు వస్తాయి. టన్నులూ తక్కువే, టన్నుకు ధరా తక్కువే. చివర కొట్టేవాడి చెట్టు లావెక్కి మంచి ధర పలుకుతుంది, కానీ రెండు అక్టోబర్లు ఎక్కువ నిలబడాలి. మా వైపు అక్టోబరు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపాన్లూ అక్టోబరులోనే. అంటే సర్దుబాటు కోసం ఒకడు ఇవాళ నష్టపోవాలి, ఇంకొకడు రేపటి ప్రమాదం నెత్తికెత్తుకోవాలి. ఎవడు ముందు? ఎవడు చివర? కుదురుకున్న అడవికి లెక్క వేయడం తేలిక. కుదరని అడవిని కుదుర్చుకునే ఆ నాలుగేళ్ళు ఎవరి కంచంలోంచి తీస్తారన్నదే ప్రశ్న. అటవీ శాఖకైతే ఆ నష్టం ఖజానాది. మాకది ఫలానా ఇంటి ఆయనది.

ఇదంతా నాన్నకు ఫోన్లో చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు: "నువ్వు ఉద్యోగస్తుడివి. నీకు నెలనెలా వస్తాది. నాకు నాలుగేళ్ళకోసారి వస్తాది. చెల్లి పెళ్ళి ముక్కల్లో చేస్తామేటి?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉందనుకుని ఒక రాత్రంతా ఆలోచించాను. తోట మా నాన్నకు పంట కాదు, బ్యాంకు. దాన్ని విడగొట్టకుండా ఉంచడమే దాని ఉపయోగం. ఏటా కొంచెం కొంచెం వచ్చే డబ్బు కిరాణా కొట్టులోనే అయిపోతుంది, పెళ్ళి దాకా నిలవదు. ఈ మాట మా ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. కాబట్టి రెండెకరాల డెబ్బై సెంట్లను నాలుగు ముక్కలు చేసుకోమని నాన్నకు చెప్పడం నా తప్పే. చేస్తే ముక్కకు 67 సెంట్లు, 20 టన్నులు, ఒక లారీ, దాని వెనక ఒక ట్రాక్టరు. అంత చిన్న కోతకు ముఠా రాదు. వచ్చినా కూలి గిట్టదు.

అందుకే మావయ్య లెక్కను కొంచెం మార్చాను. ముక్కలు చేయాల్సింది ఒక్కో ఇంటి తోటను కాదు, ఊరి తోటను. ఎనిమిది ఇళ్ళు, నాలుగు జతలు. ప్రతి ఇంటికీ తన తోట ఒకేసారి కోతకు వస్తుంది, మొత్తం డబ్బు ఒకేసారి చేతికొస్తుంది, కాకపోతే జతకొక ఏడు. పెళ్ళిళ్ళూ ఫీజులూ కూడా అందరిళ్ళలో ఒకే ఏడు రావు కదా. ఈ ఏడు డబ్బు అవసరమున్న ఇల్లు ముందు, అవసరం లేని ఇల్లు వెనక. ముందు కొట్టి నష్టపోయిన జతకు మిగతావాళ్ళు తలో కొంత కలిపి మొక్కల ఖర్చు పెట్టుకుంటే సరిపోతుందా? సరిపోదని మా పక్కింటి బావ అంటాడు. సగమైనా తీరుతుందని నేనంటాను.

నాన్న రెండో మాట గాలి గురించి. "చుట్టూ కొట్టేసి మజ్జిలో నాది వొదిలేస్తే గాలొచ్చిననాడు ఎవుడు పూచీ?" నిజమే. మీటరుకొకటి చొప్పున కిక్కిరిసి పెరిగిన చెట్లు సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. వాటి పక్కవాటిని హఠాత్తుగా తీసేస్తే, పుట్టినప్పటి నుంచీ గాలి ఎరగని చెట్టు మొదటిసారి గాలికి ఎదురు నిలబడాలి. విరుగుతుంది. తోట అంచున ఉన్న చెట్లను చూడండి, లావుగా, కింది దాకా కొమ్మలతో ఉంటాయి. అవి మొదటి నుంచీ గాలిలో పెరిగినవి. దీనికి అడవి లెక్కలో ఒక పాత సూత్రం ఉంది. గాలి వచ్చే వైపు చెట్లను చివరిదాకా ఉంచాలి, గాలి చాటు నుంచి కొట్టుకుంటూ గాలికి ఎదురు వెళ్ళాలి. మా ఊరికైతే పడమటి వైపు, ఇళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి ఏడాదికొక అంగ సముద్రం వైపు వెయ్యాలి. 2023లో మేం చేసింది సరిగ్గా తలకిందులు. లారీ దారి దగ్గరగా ఉందని తూర్పు దిబ్బ నుంచి మొదలుపెట్టాం.

ఇందులోనూ మెలిక ఉంది. ఈ సూత్రం రోజువారీ సముద్రపు గాలికి, ఇసకకు బాగా పనిచేస్తుంది. తుపాను అలా రాదు. తిత్లీ రోజు మొదట ఒక దిక్కున కొట్టిన గాలి, కాసేపు నిలిచి, తర్వాత ఎదురు దిక్కున కొట్టిందని మా ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చెబుతారు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, దాటినప్పుడు అంతే. అలాంటి రోజుకు చాటు అన్నదే ఉండదు. అయినా ఒక మాట అనుకుంటాను. ఒకే వయసు, ఒకే ఎత్తు తోట తుపానుకు చిక్కితే పోయేది మొత్తం. నాలుగు వయసులుంటే మోకాలెత్తు మొక్కలూ, మనిషెత్తు మొక్కలూ వంగి లేస్తాయి. పోయేది పెద్దవే. మర్నాడు పొద్దున ఊరి చేతిలో కొంతైనా మిగులుతుంది.

మోకాలెత్తు మోళ్ళు

కొట్టడం గురించే ఇంత రాశాను. నిజానికి మావయ్యకు కోపం తెప్పించేది కొట్టడం కాదు, కొట్టిన తర్వాత జరిగేది. ఆ ఆదివారం ఆయన నన్ను తన ఊరి పక్కన ఒక రైతు నీలగిరి తోటకు తీసుకెళ్ళాడు. ఏప్రిల్‌లో కొట్టిన తోట అది. మోళ్ళన్నీ మోకాలెత్తున ఉన్నాయి. వంగి కోయడం ఎందుకని ముఠావాళ్ళు నిలబడి రంపం పెట్టేశారు. కొన్నిటికి తొక్క కింది దాకా చీలిపోయింది. కొట్టిన కొమ్మలన్నీ పోగుపెట్టి తగలబెట్టారు, ఆ పోగులు సరిగ్గా మోళ్ళ మీదే.

నీలగిరిని మళ్ళీ నాటక్కర్లేదు, మోడు నుంచి పిలకలు వస్తాయి. ఒక నాటుతో మూడు నాలుగు కోతలు తీసుకోవచ్చు. అయితే నేలకు జానెడు కూడా మించకుండా, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా, తొక్క చిట్లకుండా, వానల ముందు కొయ్యాలి. పిలకలు గుబురుగా లేచాక బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తీసెయ్యాలి. మోడు ఎత్తుగా ఉంటే పిలక పైనుంచి వస్తుంది. దానికి కింద పట్టు ఉండదు, ఒక గాలికి ఊడి పడుతుంది. మావయ్య ఒక పిలకను రెండు వేళ్ళతో నెట్టాడు. తొక్కతో సహా చేతికొచ్చేసింది. "ఇదిగో, నాలుగేళ్ళ పంట" అన్నాడు. ముఠావాడికి టన్నుకింత అని కూలి. మోడు ఎంత ఎత్తున ఉన్నా వాడి కూలి మారదు. గుత్త కాగితంలో మోడు ఎత్తు గురించి ఒక్క ముక్క రాసుకుంటే సరిపోయేది.

మా సరుగుడుకు ఆ అదృష్టం కూడా లేదు. కొడితే మోడు చచ్చిపోతుంది, కొత్త మొక్క పెట్టాల్సిందే. మా తోటల్లో రాలిన సరుగు దట్టంగా పేరుకుని దాని విత్తనం కూడా దాని కింద మొలవదు. అంటే కోత నిర్ణయించుకున్న రోజే, కొట్టడానికి ఏడాది ముందే, నారు సంగతి చూసుకోవాలి. విత్తనం ఎక్కడిది, మడి ఎవరు పోస్తారు, పాత తోట మట్టి నాలుగు తట్టలు మడిలో ఎవరు కలుపుతారు. ఈ మట్టి సంగతి మా తాతకు కూడా తెలుసు. కారణం మాత్రం నాకు ఈ మధ్యే తెలిసింది. సరుగుడు వేళ్ళకు బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే సూక్ష్మజీవి ఆ పాత మట్టిలో ఉంటుంది. ఏటా 5 ఎకరాలే అయితే 20 వేల మొక్కలు చాలు. అంత మడి మా ఊళ్ళోనే, మా నూతి పక్కనే పోసుకోవచ్చు. వేరు చుట్టుకున్న మొక్క కొనే పని ఉండదు. నన్నడిగితే ఈ మొత్తం వాదనలో అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. రేటు కన్నా, ఇసక కన్నా.

ఇంకొకటి అందరూ మర్చిపోయేది. తోట కింద రాలిన సరుగును మా పిన్నులు, అత్తలు రోజూ చీపురుతో ఊడ్చుకుని పొయ్యిలోకి పట్టుకెళ్తారు. అది వాళ్ళ హక్కు లాంటిది, ఎవరూ కాదనరు. కానీ ప్రతి కోతకూ కర్ర వెళ్ళిపోయి, మధ్యలో సరుగూ వెళ్ళిపోతే ఇసకలో మిగిలేదేమిటి? పొయ్యికి గ్యాస్ వచ్చినా సరుగు ఊడ్చడం ఆగలేదు, సిలిండర్ ధర చూస్తే ఆగుతుందనీ అనుకోను. సంవత్సరానికొక ముక్కలో మాత్రం ఊడ్చకుండా వదిలెయ్యండి అని అడగొచ్చేమో.

కాగితం మీది అడవి

"ఇదంతా సర్కారు అడవిలో జరుగుతోందా మావయ్యా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత వర్కింగ్ ప్లాన్ లేకుండా ఏ అడవిలోనూ చెట్టు కొట్టడానికి లేదు. సాధారణంగా పదేళ్ళకొక ప్లాన్ రాస్తారు. ఏ కంపార్టుమెంటులో, అంటే అడవిలోని ఏ ముక్కలో, ఏ ఏడు ఏం చేయాలో అందులో ఉంటుంది. మావయ్య సర్వీసులో అలాంటి పుస్తకాన్ని చాలాసార్లు మోశాడు. "పుస్తకం మంచిదే అల్లుడూ. అడవి పక్క ఊళ్ళో దాన్ని ఒక్కడు చదివాడా?" అన్నాడు. అడవిని ఊరివాళ్ళతో కలిసి కాపాడే వన సంరక్షణ సమితుల కాలంలో కొంత మారిందట. ఊరివాళ్ళతో కూర్చుని ఈ ఏడు ఏ ముక్క, వచ్చే ఏడు ఏ ముక్క అని గీసుకున్న చోట కాపలా దానంతటదే వచ్చిందట. తన ముక్క వంతు ఎప్పుడో తెలిసినవాడు దొంగ గొడ్డలిని రానివ్వడు.

కాగితం లేకుండా లెక్క నడిపిన వాళ్ళూ ఉన్నారు. సీతంపేట కొండలు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి గానీ మా నోటికి ఇంకా శ్రీకాకుళమే. అక్కడి సవర గిరిజనులు పోడు కొట్టేటప్పుడు ఇప్ప, చింత లాంటివి ముట్టుకోకుండా వదిలేస్తారు. రెండు మూడు పంటలు తీసి ఆ నేలను వదిలి ఇంకో చోటికి వెళ్తారు. వదిలిన చోట మోళ్ళు చిగురించి అడవి మళ్ళీ కమ్ముకుంటుంది. ఇదీ కూపే. జనం పెరిగి, భూమి తగ్గి, తిరిగి వచ్చే గడువు కురచైపోయాక అది చెడింది. పోడునే తిట్టేవాళ్ళు గడువు ఎందుకు కురచైందో అడగరు. నాలుగేళ్ళ తోటను మూడున్నరకే కొట్టమని అడ్వాన్సు చేతిలో పెట్టే రోజు మాకూ ఎంతో దూరంలో లేదు.

దిబ్బ మీద ఏముండాలి

ఒక సందేహం మాత్రం ఇంకా పీకుతోంది. అసలు సముద్రం అంచున సరుగుడే ఎందుకు? మా చిన్నప్పుడు దిబ్బ మీద మొగలి పొదలు ఉండేవి, రావణాసురుడి మీసాలని మేం ఆడుకునే ముళ్ళ గడ్డి ఉండేది, తాటిచెట్లు ఉండేవి. తిత్లీకి మా ఊరి తాటిచెట్లలో ఎక్కువ నిలబడ్డాయి. పైగా చలికాలం చివర్లో మా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళకు తెరిపి ఇసక కావాలి. అలల దాకా సరుగుడు దట్టంగా నాటేస్తే వాటికి చోటు ఉండదు.

అందుకని దిబ్బను ఈ కోత లెక్కలోంచే తీసెయ్యాలన్నది నా అభిప్రాయం. దిబ్బ మీద సరుగుడు ఎలాగూ సన్నగానే ఉంటుంది, అక్కడ పోయే టన్నులు కొన్నే. మా పొలంలో తూర్పున 30 సెంట్లు. అందులో ఉన్న చెట్లను కొట్టకుండా ఉంచి, సందుల్లో తాటి టెంకలు, మొగలి పిలకలు పెట్టి వదిలెయ్యడం. తాటిచెట్టు ఎదగడానికి నా జీవితం చాలకపోవచ్చు. ఇది చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు. మా తాత టెంకలు పాతేటప్పుడు ఈయన పక్కనే ఉన్నాడు.

మొన్న ఆదివారం నాన్నే ఫోన్ చేశాడు. అడ్వాన్సు ఇంకా తీసుకోలేదట. పాత కేలండర్ వెనకాల ఎనిమిది ఇళ్ళ పేర్లూ రాశాడట, పక్కన 2026, 2027, 2028, 2029 అని నాలుగు గళ్ళు గీశాడట. రెండో గడిలో నాలుగు పేర్లు, మూడో గడిలో రెండు, చివరి గడిలో పక్కింటి బావ పేరు ఒక్కటే. తిత్లీకి వాళ్ళింటి పైకప్పు ఎగిరిపోయింది, అయినా ఆయనే చివర ఉంటానన్నాడట. మొదటి గడిలో ఎవరూ లేరు.

"మనది ఎక్కడ రాశావు నాన్నా?" అన్నాను.

"రాయలేదు. మూడేళ్ళ కర్రకి ఏటొస్తాదో ముందు కాటా వాడిని అడిగి చెప్పు" అన్నాడు.